తాంబరం పోయిన సీతాకోక గుడ్లు

దగ్గరికి జరగండమ్మా. ఆ వాకిలి పక్కన కూర్చున్నోళ్ళు కూడా లోపలికి రండి, గాలికి నా మాట ఆడిదాకా రాదు. కాశీకి పోయొచ్చినోళ్ళు గంగ కత చెప్తారు, కొండకు నడిచిపోయినోళ్ళు మెట్ల కత చెప్తారు. నేను పోయింది పట్నానికి ఈ కొసనుండే తిరువొత్తియూరు నించి ఆ కొసనుండే తాంబరం అవతలికి. రైలెక్కి కూర్చుంటే ఒక పూట దారి. అయినా నేను తీసుకపోయిన సరుకు ఎవురూ తీసుకపోయుండరు, అందుకే చెప్తాండా.

పెరట్లోకి వచ్చిన చుట్టం

మా ఊరి మాట ఎత్తితే పట్నానికి దక్షిణం పక్క ఉండేవోళ్ళు ముక్కు మూసుకుంటారు. ఒక పక్క మనలి పొగగొట్టాలు, ఇంకో పక్క ఎన్నూరు బూడిద, మధ్యలో కంటైనరు లారీలు. నిజమే, కాదనను. కానీ మా ఇంటెనకాల చారెడు పెరడుంది. అందులో ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపాకు చెట్టు. ఆ రెండు చెట్ల మీద పెరిగిన బిడ్డే మా దేవిక, నా కొడుకు కూతురు. చిన్నప్పుడు కరివేపాకు మీది పచ్చపురుగుల్ని నేను ఏరి కోళ్ళకేస్తుంటే ఏడ్చి గోల చేసి, సీసాలో పెట్టి ఆకులేసి పెంచేది. ఆ పురుగే గూడు కట్టుకుని నల్ల సీతాకోకై ఎగిరిపోతే చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లు ఆగలా. ఇప్పుడు తాంబరం దాటినాక ఉండే ఒక కాలేజీలో ఆ నల్ల సీతాకోక రెక్కల మీదనే పరిశోధన చేస్తాంది. మా వంశంలో కాలేజీ మెట్టెక్కిన మొదటి బిడ్డ.

దాని చదువేందో నాకు అర్థమయినంత మీకూ చెప్తా. ఈ జాతిలో మగవన్నీ ఒకే ఉడుపు. నల్ల రెక్క, కింది రెక్కకు అడ్డంగా తెల్ల చుక్కల వరస. ఆడవాటికి మాత్రం మూడు రకాల చీరలు. ఒకటి అచ్చం మగదాని మాదిరే. ఇంకోదానికి కింది రెక్క నడుమ తెల్ల మచ్చ, చుట్టూ ఎరుపు. మూడోది మా పెరట్లో తిరిగేది, పై రెక్కకు తెల్ల పట్టీలు, కింది రెక్కనిండా కుంకం బొట్లు. ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళే వేరే వేరే చీరలు కట్టి రావచ్చు.

ఈ కుంకం బొట్లు ఎందుకంటే, అట్టాంటి రెక్కలే ఉండే వేరే సీతాకోక ఒకటుంది. దాని పిల్లలు ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి. మా రైలు కంచె మీద అల్లుకుని ఉంటాదే, ఆ చేదు తీగే. ఆ చేదు ఒంటికి పట్టి విషమైపోతాది. ఒకసారి నోట పెట్టిన పిట్ట కక్కుకుని, మళ్ళా ఆ రంగు చూస్తే దూరం పోతాది. మన కరివేపాకుదానికి విషం లేదు. విషమున్నదాని చీర కట్టుకుని పిట్టల కళ్ళు కప్పుతాది.

ఇంత తెలివి దానికెవురు చెప్పినారని దేవికను అడిగినా.

"ఎవురూ చెప్పలా, ఎవురూ కూర్చుని కుట్టలా, అవ్వా. పిట్టలే కుట్టినాయి" అనింది. "ఎన్నో వేల తరాల కింద ఏదో ఒకదానికి రవ్వంత ఎరుపు పుట్టింది. పిట్ట తడబడి వదిలేసింది. అది గుడ్లు పెట్టింది. ఎరుపు లేనిదాన్ని తినేసింది. ఇట్ట తినీ వదిలీ, తినీ వదిలీ ఈ చీర తయారయింది."

ఇదంతా బాగుంది. కానీ పోయిన వానాకాలం ముందర దేవిక సీతాకోకల్ని పెంచే వల ఇంట్లో తెగులు పడింది. పురుగులు నల్లబడి తలకిందులుగా వేలాడి చచ్చినాయి. కుంకం బొట్ల వంశం ఒక్కటీ మిగల్లా. ఈ కాలం దాటేలోగా ఆ వంశం మళ్ళా నిలబెట్టకపోతే ఆ పని వదిలేసి వేరే పని చూసుకోమని వాళ్ళ మేడమ్ చెప్పింది. అది చాలదన్నట్టు మా పిల్ల తడినేల మీద జారి మడమ బెణికించుకుని కట్టు కట్టుకునింది. కాలు కింద పెట్టేదానికి లేదు.

అదే వారం మా నిమ్మచెట్టు మీదకి కుంకం బొట్లది ఒకటి వచ్చి వాలింది. ఫోన్లో చూపిస్తే దేవిక గొంతు మారిపోయింది. "అవ్వా, ఒళ్ళు చూడు, రెక్క కాదు. ఒళ్ళు ఎర్రగా ఉంటే అది అసలు విషందే, పోనియ్యి. నల్లగా ఉంటే మనది."

నల్లగా ఉండాది. పాత దోమతెరతో పట్టినా. కరివేపాకు కుండీ మీద ఆ తెరే గుడారం మాదిరి కట్టి, దూదిలో చక్కెర నీళ్ళు పెట్టినా. లేత ఆకు అంచున ఒకటి, ఇంకో ఆకు కింద ఒకటి, గసగసాల కంటే కాస్త పెద్దగా, పసుపుముద్ద రంగులో గుడ్లు పెట్టింది. పెట్టి పెట్టి అలిసి తెర అంచుననే చచ్చిపోయింది. ఇంక ఆ తల్లి లేదు, ఉన్నవి ఆ గుడ్లే. నా కొడుకు లారీ తోలుకుని వైజాగు పోయుండాడు. కొరియర్‌లో వేస్తే ఎండకు ఉడికిపోతాయి. సరేలే, నేనే తెస్తానన్నా.

రైల్లో చేపల ఆమె

ఆ రెమ్మల్ని కాడలతో కోసి, కాడ చివర తడిగుడ్డ చుట్టి, వైరు బుట్టలో నిలబెట్టి, పైన పలచని గుడ్డ కప్పినా. ఆదివారం పొద్దున్నే రైలెక్కితే పక్కన ఎన్నూరు చేపల ఆమె కూర్చునింది. గంప దింపి కాళ్ళు చాపుకుని నా బుట్టలోకి తొంగి చూసింది. ఏముందక్కా అంటే, మనవరాలికి కరివేపాకు అని చెప్పినా. పక్కనున్నోళ్ళంతా వినేట్టు నవ్వింది.

"తాంబరంలో కరివేపాకు పండదా అక్కా? ఆడ అంతా కొబ్బరాకు వేసి తాలింపు పెడతారా?"

అప్పుడు గుడ్డ ఎత్తి గుడ్లు చూపించినా, కత చెప్పినా. ఆమె తేలిగ్గా తీసుకోలా. గంపలోంచి ఒక కానాగంత చేపను తీసి, వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఎందుకుందో తెలుసా అనింది. పైనించి చూసే కాకికి నీళ్ళ మాదిరి, కింద నించి చూసే పెద్ద చేపకు ఆకాశం మాదిరి కనపడేదానికంట. బతకాలంటే అందరూ ఏదో ఒక వేషం కట్టాల్సిందేనని, తను కూడా మార్కెట్లో కోపం మొగం పెట్టుకుంటానని, లేకపోతే బేరగాళ్ళు తినేస్తారని చెప్పింది. బీచ్ స్టేషన్లో దిగేటప్పుడు నా బుట్టకు ఎవురి కాలూ తగలకుండా తన గంపను అడ్డం పెట్టి దారి చేసింది.

స్టేషన్ బయట టీ పదైదు రూపాయలు. మా వీధిలో పన్నెండే, గ్లాసు కూడా పెద్దది. కరివేపాకు మాత్రం ఆడ కూడా ఊరకే రాలా. ఒకప్పుడు కూరలు కొంటే గుప్పెడు కొసరు వేసేవాళ్ళు, ఇప్పుడు నాలుగు రెమ్మలు కట్ట కట్టి పది రూపాయలంటారు. నా బుట్టలో ఉన్నదానికి వెల ఎంత కట్టేవాళ్ళో.

సైదాపేటలో రసం వాసన

ఆ ఆదివారం పట్టాల పనంట, సైదాపేట దాటి రైళ్ళు పోలా. ఎండలో బస్సుల కోసం నిలబడే కన్నా ఆడపడుచు సరోజ ఇంట్లో ఆ రాత్రికి ఉండి పొద్దున పోదామనుకున్నా. మా ఆయన చెల్లెలు, వరస ఇళ్ళలో కాపురం. మా పక్క అయితే వచ్చినోళ్ళకి ముందు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, ఊరి సంగతులన్నీ అయినాక తిండి మాట. సైదాపేటలో గడప తొక్కేలోగానే తిన్నావా అని అడుగుతారు. లేదంటే తప్పు, తిన్నానంటే నమ్మరు.

"ఏం వదినే, ఆడబిడ్డ ఇల్లు ఇప్పుడు గుర్తొచ్చిందా? రైలు ఆగబట్టి వచ్చినావు, లేకపోతే టాటా చూపిచ్చి పోయేదానివే" అని దెప్పింది. దెప్పుతూనే కాఫీ కలిపింది. ఆమె నోరట్టాంటిది, చెయ్యి చక్కెర.

బుట్టను వంటింటి గడప పక్కన నీడలో పెట్టి, మొగం కాళ్ళు కడుక్కునేదానికి పెరటి కొళాయి దగ్గరికి పోయినా. ఆడ కొళాయి సన్నధార, బిందె నిండేదానికి వరసలో నిలబడినోళ్ళతో మాటలు. తిరిగొచ్చేలోగా వంటింట్లో చిటపటమని తాలింపు చప్పుడు, రసం వాసన వీధి దాకా. ఎంత కమ్మని వాసనో. ఆ కమ్మదనంలోనే గుడ్లు గుర్తొచ్చి బుట్ట కాడికి పరిగెత్తినా.

నేను ఎప్పుడు పోయినా మా చెట్టు కరివేపాకు సరోజకు తీసుకపోతా. ఆమె పెళ్ళయి పోయిన కాడినించీ అలవాటు. ఆమె అందులో సగం ఉంచుకుని, మా పుట్టింటి చెట్టుదని చెప్పుకుంటూ వరసలో ఉండేవోళ్ళకి పంచుతాది. ఈసారీ బుట్టలో రెమ్మలు చూసి, వదిన తెచ్చిందనుకుని అదే చేసింది. తన వంతు దూసి, కడిగి, రసంలో వేసింది. మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇచ్చేసింది. బుట్టలో తడిగుడ్డ ఒకటే ఉండాది.

నేను గోడకానుకుని కూలబడితే బిడ్డకేమైనా అయిందా అని సరోజ బెదిరిపోయింది. సంగతి విన్నాక గరిటె కింద పెట్టింది. "అయ్యో, దేవిక చదువును తాలింపు పెట్టేసినానా వదినే" అనింది. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలీలా.

ఇచ్చింది తిరిగి అడిగేదానికి

ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం మనలో లేదు. అందులోనూ కరివేపాకు. అయినా చెంగులు దోపుకుని ఇద్దరం బయలుదేరినాం.

మొదటి వాకిలి మిషను కుట్టే ఆమెది. ఆమె సంతోషంగా మమ్మల్ని పిలిచి, మీ ఆకుతోనే తొగయల్ నూరినా, ఎంత వాసనో అని చెరొక ముద్ద చేతిలో పెట్టింది. మనం కరివేపాకు పచ్చడి అంటామే, అదే. తినకపోతే బాగుండదు. నేను కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నా. రుచిగానే ఉండాది, దేవుడు క్షమించాల.

రెండో వాకిలి దగ్గర సరోజ అడుగు ఆగిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టుండాయి. ఆ ఇంట్లో చిన్నపిల్లకు అమ్మవారు పోసిందంట. ఇందాక సరోజ కూడా లోపలికి పోకుండా కిటికీ గట్టు మీద రెమ్మలు పెట్టి వచ్చేసింది. నాకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. అమ్మవారున్న ఇంట్లో తాలింపు వెయ్యరు గదా. చిటపట అనకూడదు, నూనె పొగ రాకూడదు. అయితే ఆకు ఆకులాగే ఉండాల.

వీధిలోనే నిలబడి పిలిచినాం. ఆ ఇంటి పెద్దామె వచ్చింది, తెల్ల జుట్టు ముడి, పసుపు పూసుకున్న మొగం. అరవంలోనే మాట్లాడింది. కిటికీలో చెంబు నీళ్ళలో నా రెమ్మలు నిగనిగలాడుతూ కనపడతాండాయి. నేను చెయ్యి జోడించి ఆకు కావాలని అడిగినా. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పిల్లకు మూడు నీళ్ళు పోసేదాకా ఈ ఇంట్లోంచి ఉప్పురాయి కూడా బయటికి పోదమ్మా. నీకు తెలీనిదా?"

తెలుసు. మా ఇంట్లోనూ అంతే. నేనైనా ఇయ్యను. అయినా కాళ్ళు కదల్లా. అంత ఆశగా చూస్తాంటే ఆమెకే అనుమానం వచ్చి, ఆ ఆకులో అంతగా ఏముందని అడిగింది.

"గుడ్లుండాయమ్మా" అన్నా. "సీతాకోక గుడ్లు."

ఆమె రెండడుగులు ఎనక్కి వేసింది. "గుడ్డా? అమ్మ వచ్చి కూర్చునుండే ఇంట్లో గుడ్డా? దీన్ని గడపకు తెచ్చింది ఎవురు?"

సరోజ నా ఎనకాల దాక్కునింది. కోడలు బయటికొచ్చి, కిటికీలోని చెంబుకేసి చూసి నోటి మీద చెయ్యేసుకునింది. ఇంక ఆ పెద్దామె అవస్త చూడాల. ఆకు ఇంట్లోంచి బయటికి పోకూడదు. గుడ్డు ఇంట్లో ఉండకూడదు. రెండూ ఒకే రెమ్మ మీద ఉండాయి. గుమ్మం మీద నిలబడి వేపమండల కేసి ఒకసారి, చెంబు కేసి ఒకసారి చూసింది. నేను ఒక అడుగు పక్కకు జరిగినా. ఆ ఇంటి నాయం ఆ ఇంటోళ్ళే చెప్పాల.

ఆ పెద్దామె లోపలికి పోయి పసుపు నీళ్ళు తెచ్చింది, రెమ్మల మీద చల్లి పంపుతానని. అప్పుడు మాత్రం నేను అడ్డం పడినా. గుడ్లు తడిస్తే పాడైపోతాయి తల్లీ, నా మనవరాలి చదువంతా వాటి మీదే ఉండాది అని చెప్పుకున్నా. ఏం చదువుతాదని అడిగింది. రెక్కల మీద రంగు తల్లినించి బిడ్డకు ఎట్ట వస్తాదో చదువుతాదని చెప్పినా. ఆమె మంచంలో పడుకున్న మనవరాలి కేసి తిరిగి చూసింది. మొగం మెత్తబడింది.

వాకిలి నించి ఒక వేపరెమ్మ తుంచి, నా కరివేపాకు కాడలకు దారంతో కట్టింది. చెంబులోంచి తీసి గడప అవతల నేల మీద పెట్టింది, నా చేతికియ్యలా.

"ఇది మేమిచ్చింది కాదు. అమ్మ పంపిస్తాంది. నువ్వు ఆమె దగ్గరే తీసుకో" అనింది.

నేను ఒంగి తీసుకున్నా. ఒంగినదాన్ని గడపకు మొక్కి లేచినా. ఎన్ని గుళ్ళు తిరిగినానో, ఇంత నిండుగా ఏ గుళ్ళోనూ ప్రసాదం తీసుకోలా.

ఆ రాత్రి సరోజ రసం ఎవురం ముట్టలా. మజ్జిగన్నం తిని పడుకున్నాం.

తాంబరం అవతల

పొద్దున రైలు తిరిగింది. గిండీ దాటినాక చెట్లు, గాలి తేట. తాంబరంలో దిగి, ఆడోళ్ళకు టికెట్టు లేని బస్సెక్కి కాలేజీకి చేరినా. దేవిక కుంటుకుంటూ గేటు దాకా వచ్చింది. నన్ను కౌగిలించుకోలా, బుట్టనే ముందు తీసుకునింది. నాకు కోపం రాలా, గర్వమే వచ్చింది. పనిని ప్రేమించే బిడ్డ అట్టనే ఉంటాది.

వేపరెమ్మ చూసి అదిరిపడింది. వేప అంటే పురుగులకు గిట్టదు అవ్వా అని జాగర్తగా విప్పింది. కత విన్నాక ఆ వేపరెమ్మను పారెయ్యలా, పక్క గదిలో తన బల్ల మీద పెట్టుకునింది. భూతద్దం కింద ఒక్కో ఆకూ తిప్పి చూసింది. కొన్ని నొక్కుకుపోయుండాయి. కొన్ని నిండుగా ఉండాయి. చాలవా అని అడిగితే, ఒక వంశానికి చాలు అనింది.

ఆ సాయంత్రం గోడనిండా అంటించిన రెక్కల బొమ్మలు చూపించింది. వేలికి అంటుకునే రంగు పొడి ఉందే, అది పొడి కాదంట, ఇంటి మీద పెంకుల మాదిరి సన్న సన్న పొలుసులు. ఒక్కో పెంకుకూ ఒక్కో రంగు. ఏ పెంకు నల్లగా కావాల, ఏది ఎర్రగా కావాల అనే ఆజ్ఞ ఒక జీన్ చేతిలో ఉండాదంట. ఆడా మగా తేడా చూపించే జీనే ఈ చీర పని కూడా నెత్తికెత్తుకునింది.

చీర ఒకరి నించి, రవిక ఇంకొకరి నించి వచ్చి కలగాపులగం కాదా అని అడిగినా. నా ప్రశ్నకు దాని మొగం వెలిగిపోయింది. చీరా, రవికా, అంచూ అన్నీ ఒకే మూటలో కట్టి, ఆ మూటను అటుది ఇటు తిప్పి కుట్టేసినట్టు ఉంటాదంట. అందుకని అమ్మ మూటా నాయన మూటా ఒకదాంట్లో ఒకటి కలవవు. మూట మూటగానే బిడ్డకు పోతాది. మగవాడు కూడా ఆ మూట మోస్తాడు, కానీ విప్పడు. తన నల్లంగీ తనదే. కూతురు పుట్టినప్పుడే అది విప్పుకుంటాది. అమ్మా నాయనల్లో ఒక్కరిచ్చినా చాలు, వేషం కడతాది. ఇద్దరూ ఇయ్యకపోతే నాయన మాదిరి సాదాగా ఉంటాది.

మరి అన్నీ కుంకం బొట్లే కట్టొచ్చు గదా అంటే, అందరూ పోలీసు చొక్కా వేస్తే దొంగకు భయమెక్కడిది అవ్వా అనింది. విషం లేనివి ఎక్కువైతే పిట్టలు కనిపెట్టేస్తాయి. అసలుది ఎక్కువగా తిరిగే చోటే ఈ వేషం చెల్లుతాది. మా రైలు కంచె మీద ఈశ్వరి తీగ ఉండబట్టే మా పెరట్లో కుంకం బొట్లు. ఆ మాట విన్నాక నేను కొంచెం నిటారుగా కూర్చున్నా.

తెల్లారినాక

ఆ రాత్రి వాళ్ళ హాస్టల్లో పడుకున్నా. సాంబారు నీళ్ళు, ఇడ్లీ మాత్రం మెత్తగా ఉండాది. తెల్లారి మేడమ్ కూడా వచ్చినప్పుడు గుడ్లు నల్లబారుండాయి. పాడైనాయని నేను భయపడితే, లోపల బిడ్డ తల కనపడతాంది అని దేవిక నా చెయ్యి పట్టుకునింది. అద్దంలో చూపించింది. గుడ్డుకు చిల్లు పడింది. దారపు పోగంత పురుగు బయటికొచ్చి, ఎనక్కి తిరిగి తన గుడ్డు పెంకునే తినేసింది. పుట్టినప్పటినించే వేషం దానికి, పిట్టరెట్ట మాదిరి నలుపూ తెలుపూ. రెట్టను ఎవురు తింటారు?

మేడమ్ నా పక్కన కూర్చుని ఈ తల్లి ఎక్కడిదని అడిగింది. అరవంలో చెప్పినా, తిరువొత్తియూరు అని. ఆడ సీతాకోకలుంటాయా అని ఆశ్చర్యపోయింది. నేను జవాబు చెప్పేలోగా మా దేవిక చెప్పింది.

"మా అవ్వ పెరట్లో ఉంటాయి మేడమ్. ఇంక ఎక్కడా లేనప్పుడు కూడా ఆడ ఉండాయి."

నేను ఇంటికొచ్చేసినా. వారం వారం ఫోను. పురుగు పచ్చబడింది, గూడు కట్టింది, ఒక మగది వచ్చింది, ఇంకొకటి మగదే. నా ప్రాణం కొట్టుకునింది. ఆపైన ఒక ఆడది వచ్చింది, సాదాది, నాయన మాదిరి. దేవిక బాధపడలా, తల్లి కుంకం బొట్ల మూట ఒకటే మోసింది అవ్వా, ఇప్పుడు తెలిసింది అనింది. ఆ మర్నాడు పొద్దున నేను కళ్ళాపి చల్లుతాంటే ఫోను మోగింది. ఫోన్లో గూడు చీలి ఉండాది. దాని పక్కన తడి రెక్కలు, ముడుచుకున్న పట్టుగుడ్డ మాదిరి. మెల్లగా విప్పింది. నలుపు. పైన తెల్ల పట్టీలు. కింద కుంకం బొట్లు, ఒకటి, ఇంకొకటి, రెక్కనిండా.

దేవిక ఫోన్ను రెక్కకు ఇంకా దగ్గర పెట్టింది. ఎనకాల మేడమ్ గొంతు వినపడింది, ఈ పని ఆపొద్దు, కానియ్యి అని. ఆ వంశం ఉండే వల గూటికి ఒక పేరు పెట్టాలంట. వేరే గూళ్ళకు కొండల పేర్లు, అడవుల పేర్లు ఉండాయి. మా గూటికి తిరువొత్తియూరు అని పెట్టినారు. సరోజకు చెప్తే, సైదాపేట పేరు కూడా పక్కన రాయమను, నా రసం పోయింది గదా అనింది. వేపమండల ఇంటి పిల్ల మూడు నీళ్ళూ పోసుకుని వీధిలో ఆడుకుంటాందని కూడా చెప్పింది.

ఇంత సేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట ఆడబిడ్డలు ఏ రంగు కట్టినా ఆ రంగు వాళ్ళకు అచ్చిరావాల. మీ బిడ్డలు మోసుకొచ్చిన మంచి మూటలు, మీకు కనపడకపోయినా, వాళ్ళ బిడ్డల్లో విప్పుకోవాల. మీ గడప ముందర నిలబడి అడిగినోళ్ళకు ఇచ్చే దారి, ఎంత కట్టుబాటు ఉన్నా, మీ ఇంటి పెద్దలకు దొరకాల.